వేరు కుండ

రాజమహేంద్రవరం,
1898 జూన్ 6.

రూతు వదినకు నీ ఆడపడుచు జ్ఞానమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది.

ఆ గట్టున నువ్వు, ఈ గట్టున నేను, మధ్యన గోదావరి. గాలి లేని పొద్దుటిపూట కొవ్వూరు వైపు సన్నగా పొగ లేస్తే, అది మా వదిన పొయ్యే అయి ఉంటుంది అనుకుంటాను. రేవు దాటి నిన్ను చూడ్డానికి రావాలంటే ఒక పూట వంట ఆపాలి. ఆపితే కూలీలకు పస్తు. అందుకని మిషను బడిలో మనకు నేర్పిన ఈ నాలుగు అక్షరాలే దిక్కు. ఉత్తరాలు పడవవాడి చేత పంపుతాను, నువ్వూ అలాగే పంపు.

పాక వేశాం. మా ఇంటాయన వంతెన స్తంభాలకు బావులు దించే గుంపులో పనికి కుదిరాడు. మొదటి పూట పదిహేనుమంది తిన్నారు. ఇప్పుడు ఎనభైమంది దాకా వస్తున్నారు. ఊళ్ళో పూటకూళ్ళ ఇళ్ళలో మనవాళ్ళను వీధిలో కూర్చోబెట్టి, ఆకులోకి పైనుంచి పడేస్తారు కదా. ఇక్కడ చాపలు పరిచాను. వంగి వడ్డిస్తున్నాను. ఒక పెద్దాయన మొదటిరోజు చాప అంచున నిలబడి, "ఇక్కడ కూకోవచ్చా అమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. కూర్చున్నాక కూడా చాలాసేపు అన్నంలో చెయ్యి పెట్టలేదు.

నువ్వు పంపిన లోవమ్మ వచ్చింది. మీ మొగల్తూరు మనిషని వేరే చెప్పాలా, ఎండురొయ్యల మూటతో పడవ దిగింది. మొగుడు పోయి, ముసలి తల్లిని పోషించుకునే మనిషి అన్నావు గాని, అంత పనిమంతురాలని చెప్పలేదు. బియ్యం కడిగితే రాయి అనేది మిగలదు. నన్ను అక్కా అంటుంది. నాకు చెల్లెళ్ళు లేని లోటు తీరింది.

రాజరత్నం అన్నయ్య ఉంటే ఎంత సంతోషించేవాడో! ఆయన పెట్టిన పని ఇప్పుడు రెండు గట్లా నడుస్తోంది.

నీ జ్ఞానమ్మ.


కొవ్వూరు,
1898 జూలై 2.

జ్ఞానమ్మా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గరే కూర్చుని చదివాను. పులుసు కాస్త అడుగంటింది. చాపల సంగతి చదివి కళ్ళు తుడుచుకున్నాను. మీ అన్నయ్య కొవ్వూరు రేవులో మొదట పాక వేసినప్పుడూ అంతే. మనవాళ్ళు కూర్చోవడానికి జంకేవాళ్ళు. ఆయన వాళ్ళ పక్కనే కూర్చుని, తన ఆకు కూడా అక్కడే వేయించుకునేవారు. వండినవాళ్ళు ఆఖరున అదే కుండలోది తినాలి, అప్పుడే రుచీ తెలుస్తుంది, తప్పూ తెలుస్తుంది అనేవారు. ఆయన పోయాక కూడా నేను అలాగే తింటున్నాను.

ఒక సంగతి రాయాలి. వంతెనకు కూలీలను తెచ్చే కంట్రాక్టరు బుల్లిరాజు గారు నిన్న వచ్చారు. మంచం వేస్తే కూర్చోలేదు. "మీ ఆడపడుచు పూటకి ఎంత తీసుకుంటుందమ్మా?" అని అడిగారు. "నాకు తెలీదండి" అన్నాను. "మీరెంతకు తగ్గుతారు?" అన్నారు. "తగ్గడానికేం లేదండి, తగ్గితే పప్పు తగ్గుతుంది" అన్నాను. నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నీ దగ్గరికీ వస్తారు. అందుకని మనిద్దరం ఒక మాట మీద ఉందాం. ధర ఒకటే, వడ్డన ఒకటే. అన్నం అడిగినంత, కందిపప్పు, పులుసు, ఆదివారం చేప. నా కింద నువ్వు తగ్గకు, నీ కింద నేను తగ్గను. వంతెన పూర్తయి రైలు దాటిందంటే రేవులో ఆగి తినేవాళ్ళు ఉండరు. కూలీలూ పోతారు. ఈ రెండేళ్ళూ మనం ఒకళ్ళనొకళ్ళు తినెయ్యకుండా ఉంటే చాలు.

ఒప్పుకుంటే ఒక్క ముక్క రాయి. మీ ఆయన చిట్టియ్యను అడిగానని చెప్పు. బావి లోపలికి దిగేటప్పుడు జాగ్రత్తగా ఉండమను. లోవమ్మను వాళ్ళమ్మకు నాలుగు మాటలు చెప్పి పంపించమను. మరిడమ్మకు చదువు రాదు గాని, అక్కడి బడిపంతులు యెహెజ్కేలు గారు చదివి వినిపిస్తారు.

వదిన రూతు.


రాజమహేంద్రవరం,
1898 అక్టోబరు 14.

వదినా,

నువ్వు చెప్పిన మాటకు అప్పుడే ఒప్పుకున్నానని పడవవాడితో చెప్పి పంపాను. చెప్పాడనుకుంటాను. వరదల్లో పడవలు ఆగిపోయి ఉత్తరం రాయలేకపోయాను.

ఈ ఏటి వరద మా పాకను ఎత్తుకుపోయింది. కుండలూ పోయాయి. చాపలు కూడా. పదిరోజులు చర్చి వరండాలో తలదాచుకున్నాం. మళ్ళీ పాక వేయడానికి తాటాకూ కర్రా బుల్లిరాజు గారే పంపించారు. అడక్కుండానే. మనం అనుకున్నంత చెడ్డమనిషి కాడు వదినా. కొత్త పాక పాతదానికి రెండింతలుంది.

పని మళ్ళీ మొదలైంది. తినేవాళ్ళు పెరిగారు. నువ్వు రోజూ పప్పు వేస్తున్నావా? ఊరికే అడుగుతున్నాను. కొందరు చారుతో కూడా బాగానే తింటున్నారు.

లోవమ్మ బాగానే ఉంది. ఈమధ్య మాట తక్కువ.

జ్ఞానమ్మ.


కొవ్వూరు,
1898 నవంబరు 9.

జ్ఞానమ్మ గారికి రూతు రాయునది.

ఈ గట్టున పనిచేసే కూలీలకు బుల్లిరాజు గారు ఇత్తడి బిళ్ళలు పంచారు. కూలిలో తిండి కింద కోసుకుని బిళ్ళ ఇస్తారట. ఆ బిళ్ళ చూపిస్తేనే అన్నం. నా పాకలో ఆ బిళ్ళ చెల్లదట. మీ పాకలో చెల్లుతుందట.

మధ్యాహ్నానికి గంపల్లో అన్నం పడవెక్కి వచ్చింది. చల్లారిపోయి గడ్డలు కట్టిన అన్నం, నీళ్ళలాంటి చారు. పడవవాణ్ణి ఎవరి వంట అని అడిగాను. "తెలీనట్టు అడుగుతారేంటండి, మీ ఆడపడుచు గారిదే కదండి" అన్నాడు. అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నేను ఆ రోజు వండిన అరవైమంది వంట అలాగే ఉండిపోయింది. రోజూ నా దగ్గర తినేవాళ్ళు పాక ముందునుంచి తల వంచుకుని వెళ్ళారు. సగం రేవులో పడవల వాళ్ళకు పెట్టాను. సగం గోదావరిలో కలిపాను.

మనం ఒక మాట అనుకున్నాం. నా కింద తగ్గరాదనుకున్నాం. మీరు తగ్గారు. తగ్గినట్టు చెప్పనైనా లేదు. "ఊరికే అడుగుతున్నాను" అని పప్పు సంగతి అడిగారు.

కాబట్టి నేనూ వెళ్ళి బుల్లిరాజు గారిని కలిశాను. మీకంటే ఇంకా తక్కువకు ఒప్పుకున్నాను. సోమవారం నుంచి ఈ గట్టు బిళ్ళలు నా పాకలో చెల్లుతాయి. మీ గంపలు ఇక పంపనక్కర్లేదు.

రూతు.


రాజమహేంద్రవరం,
1898 డిసెంబరు 20.

వదినా,

నీ ఉత్తరంలో "గారు" అనే మాట చూసి మా ఇంటాయన కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. నన్ను ఎనిమిదేళ్ళప్పటినుంచి జడ వేసి పెంచిన మనిషివి. నన్ను మీరు అంటావా?

నేను ముందు తగ్గలేదు. వరద తర్వాత ఆ కంట్రాక్టరు వచ్చి, "మీ వదిన తగ్గించి పెడతానంది, రెండు గట్లూ ఆవిడకే ఇస్తున్నా. నువ్వు మూట కట్టుకో" అన్నాడు. పాక లేదు, కుండ లేదు. మా ఇంటాయన ఆయన గుంపులోనే పని చేస్తున్నాడు. ఒక్క రాత్రి గడువడిగి ఒప్పుకున్నాను. నువ్వు అలాంటి మాట అనలేదని నాకు తోచలేదా అంటే, తోచింది. తోచినా నిన్ను అడగలేదు. అడిగితే లేదంటావు, లేదంటే నేను ఒప్పుకోకూడదు. అందుకని అడగలేదు.

ఇప్పుడు నువ్వు నిజంగానే తగ్గావు. దాంతో ఆయన మళ్ళీ వచ్చి నన్ను ఇంకా తగ్గమన్నాడు. తగ్గాను. ఇక మనిద్దరి దగ్గరా తగ్గడానికి ఏముందో నాకు తెలియదు.

బియ్యం నీకు ఎక్కణ్ణించి వస్తున్నాయో నేను అడగను. నన్నూ అడగకు.

పండక్కి కొవ్వూరు వద్దామనుకున్నాం గాని, ఇక రాము.

జ్ఞానమ్మ.


కొవ్వూరు,
1899 జనవరి 17.

జ్ఞానమ్మా,

కోపం తర్వాత చూసుకుందాం. అడగవద్దన్నదే ఇప్పుడు అడుగుతున్నాను.

బుల్లిరాజు గారి ధరకు బజారు బియ్యంతో వండడం ఎవరివల్లా కాదు. అది ఆయనకీ తెలుసు. ఒప్పుకున్న మర్నాడే "బియ్యం నేనే పంపుతానమ్మా, నువ్వు వండి పెడితే చాలు" అని బస్తాలు దింపించారు. వరదలో గోదాం మునిగినప్పుడు తడిసిన బియ్యం అవి. ఆరబోశారు గాని లోపల ముక్కిపోయాయి. కొన్నిటికి నల్లటి బూజు. బస్తా విప్పగానే నేను వెనక్కి తగ్గాను. మళ్ళీ ముందుకొచ్చాను. నాలుగు నీళ్ళు కడిగి, చింతపండు ఎక్కువేసి, వాసన తెలియకుండా వండాను. రెండు నెలలుగా అదే పని. నీ మీద పంతంతో మొదలుపెట్టాను, తర్వాత అలవాటైపోయింది.

పదిరోజుల నుంచి ఇక్కడ పదకొండుమందికి వాంతులు, నెత్తురు విరేచనాలు. నేనూ ఆ కుండలోదే తింటున్నాను కాబట్టి నాకూ నాలుగురోజులు అలాగే అయింది. గోడ పట్టుకుని లేచి ఇది రాస్తున్నాను. బుల్లిరాజు గారి మనిషి వచ్చి, "కలరా గాలి అమ్మా, ఎవరేం చేస్తాం" అన్నాడు. కలరా అయితే పాక పక్కనే ఉన్న పడవల వాళ్ళకు ఎందుకు రాలేదు? వాళ్ళు ఇంటి దగ్గర తింటారు కాబట్టి.

నీకూ అవే బియ్యం వస్తున్నాయా? ఒక్కమాట నిజం చెప్పు. మీ వైపు ఎవరికైనా జబ్బు చేసిందా? లోవమ్మ ఎలా ఉంది?

వదిన.


రాజమహేంద్రవరం,
1899 జనవరి 19.

వదినా,

మా బియ్యం బాగానే ఉన్నాయి. ఇక్కడ ఒకరిద్దరికి నలతగా ఉంటే తగ్గింది. చలిగాలి వల్ల అంటున్నారు. నువ్వు మిరియాల కషాయం తాగు.

లోవమ్మ వాళ్ళమ్మను చూడాలని అంటే మొగల్తూరు పంపాను. నాకు చాలా పనిగా ఉంది.

జ్ఞానమ్మ.


కొవ్వూరు,
1899 ఫిబ్రవరి 11.

జ్ఞానమ్మా,

నీ చిన్న ఉత్తరం అందింది. నీకు చెప్పాల్సినవి రెండున్నాయి.

మొదటిది. నేను వంతెన ఇంజనీరు దొర దగ్గరికి వెళ్ళాను. తవ్వెడు బియ్యం కొంగున కట్టుకుని, పని జరిగేచోటే నిలబడ్డాను. గుమాస్తా అడ్డం వచ్చి, "ఏంటమ్మా, ఏం కావాలి?" అన్నాడు. "ఏమీ వద్దండి. నేను కూలీలకు పెట్టిన అన్నం ఈ బియ్యంతో వండానని దొరగారికి చెప్పండి" అన్నాను. దొర గుప్పెడు తీసి వాసన చూశాడు.  తర్వాత గుమాస్తా చేత అడిగించాడు: "తెలిసే వండావా?" తెలిసే వండానన్నాను. "ఎందుకు?" అన్నాడు. పని పోతుందని అన్నాను. 

పాక ఆ సాయంత్రమే మూయించారు. బుల్లిరాజు గారిని పిలిచి అడిగితే, "నేను మంచి బియ్యమే పంపానండి, ఆ మనిషే అమ్ముకుని చెత్త కొని వండింది" అన్నారట. నా మాట ఒకటి, ఆయన మాట ఒకటి. నా పక్కన నిలబడేవాళ్ళెవరూ లేరు. ఆ గట్టున కూడా ఇవే బియ్యమా అని దొర అడిగించాడు. నాకు తెలియదన్నాను. నువ్వు చెప్పలేదు కదా, కాబట్టి నాకు తెలియదు.

కూలీలు ఇద్దరు వచ్చి నా ముఖాన ఉమ్మేసి వెళ్ళారు. తుడుచుకున్నాను. మిగిలినవాళ్ళు కోలుకుంటున్నారు.

రెండోది. మొగల్తూరు నుంచి యెహెజ్కేలు పంతులు గారు ఉత్తరం రాశారు. క్రిస్మసుకు వస్తానన్న కూతురు రాలేదని మరిడమ్మ రోజూ బడి దగ్గరికి వచ్చి, నీ దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందా అని అడుగుతోందట. పంతులు గారు నన్ను అడిగారు.

నువ్వు పంపానన్నావు. అక్కడికి చేరలేదు.

లోవమ్మ ఎక్కడ ఉంది?

రూతు.


రాజమహేంద్రవరం,
1899 ఫిబ్రవరి 16.

వదినా,

లోవమ్మ లేదు. జనవరి ఎనిమిదిన పోయింది. నువ్వు ఎలా ఉందని అడిగేనాటికి ఆమెను పూడ్చి తొమ్మిదిరోజులైంది.

అంతా రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

అవే బియ్యం. నీకంటే నెలముందు నుంచీ. మొదటి బస్తా కడుగుతూ లోవమ్మ, "అక్కా, ఇయ్యి మనుషులు తినేవి కాదే" అంది. "కడుగు, నోరు మూసుకుని కడుగు" అన్నాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. చేతులు బొబ్బలెక్కేదాకా కడిగేది.

ఇంకొకటి ఉంది. దీన్ని మా ఇంటాయన కూడా ఎవరితోనూ అనడు. మా ఇద్దరికీ వేరు కుండ. బజారులో కొన్న మంచి బియ్యం, శేరు చొప్పున, మూలన మూతపెట్టి ఉంచేదాన్ని. అన్నయ్య చెప్పినట్టు అందరిదీ అయ్యాక వాళ్ళ కుండలోదే తినేదాన్ని మొదట్లో. ఈ బియ్యం వచ్చాక మానేశాను. మా కుండ వండేది కూడా లోవమ్మే. తెల్లటి అన్నం వార్చి, మా ఇద్దరికీ వడ్డించి, తను వెళ్ళి పెద్ద గుండిగలో అడుగున మిగిలింది తినేది. ఒక్కనాడు నన్ను అడగలేదు. నువ్వూ ఇందులోది పెట్టుకోవే అని నేనూ ఒక్కనాడు అనలేదు. అంటే ఆ బియ్యం చెడ్డవని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

కూలీలకు బిళ్ళకు ఒక పూటే. ఆమె రెండు పూటలా అదే తిన్నది. మూడురోజులు వాంతులు. రెండోరోజు కూడా లేచి బియ్యం కడగబోతే నేనే పడుకోబెట్టాను. మూడోరోజు పొద్దున మా కుండలోది గంజి చేసి నోట్లో పోశాను. అప్పుడు పోశాను వదినా, అప్పుడు. లోపలికి పోలేదు.

బుల్లిరాజు గారు వచ్చి చూసి, "కలరా అని చెప్పు. ఇంకో మాట చెప్పావంటే నీకు పాకా ఉండదు, నీ మొగుడికి పనీ ఉండదు" అన్నారు. ఆయన మనుషులే మోసుకెళ్ళి ఇసుకలో పూడ్చారు. పాదిరిగారికి కూడా కబురు చెయ్యనివ్వలేదు. నేను వెనకాల నడిచాను. ప్రార్థన కూడా చెయ్యలేదు.

నీ పాక మూసిన మర్నాడు ఆయన వచ్చి, "ఇక రెండు గట్లూ నీవే జ్ఞానమ్మా" అన్నారు. నేను సరేనండి అన్నాను. నిన్ను వీధిలో పెట్టి, నీ చోటుకు సరే అన్నాను. నీ మీద ఉమ్మేసిన కూలీలకు మరుసటి పూట అన్నం పెట్టింది నేనే, ఆ బియ్యంతోనే. ఇప్పటికీ అవే వండుతున్నాను.

నన్ను క్షమించమని అడగడానికి మొహం లేదు. అయినా అడుగుతున్నాను. నువ్వు తప్ప నాకు అమ్మలాంటిది ఎవరూ లేరు.

జ్ఞానమ్మ.


కొవ్వూరు,
1899 ఫిబ్రవరి 17.

జ్ఞానమ్మా,

పడవవాణ్ణి ఆపి రాస్తున్నాను. అతను తొందరపడుతున్నాడు.

నిన్ను తిట్టే నోరు నాకు లేదు. నేనూ రెండు నెలలు వండాను. నా పాకలో ఎవరూ పోకపోవడం నా మంచితనం కాదు, వాళ్ళ అదృష్టం. లోవమ్మను ఆ పాకకు పంపింది కూడా నేనే.

క్షమించమని అడిగావు. అది నా దగ్గర లేదమ్మా. ఉంటే గింటే మొగల్తూరులో ఉండాలి. లేకపోనూ వచ్చు. నీకు దొరుకుతుందని నేను మాటివ్వలేను.

ముందు పొయ్యి ఆర్పు. ఈ ఉత్తరం అందిన పూటే. రేపు అనుకుంటే రేపు మళ్ళీ మూడొందలమంది తింటారు. తర్వాత దొర దగ్గరికి వెళ్ళి, నేను చెప్పింది నిజమని చెప్పు. లోవమ్మ సంగతి కూడా చెప్పు. చిట్టియ్యకు ముందే చెప్పు. అతని పని పోతుంది కాబట్టి అతనికి తెలియకుండా చెయ్యకు.

ఆ తర్వాత మొగల్తూరు వెళ్ళు. యెహెజ్కేలు గారి చేత చెప్పించకు. మరిడమ్మ ఆ మాట నీ నోట వినాలి. నేను తోడు రాను. వస్తే నువ్వు నా వెనక నిలబడతావు. అలా నిలబడకూడదు.

వదిన.


మొగల్తూరు,
1899 మార్చి 3.

వదినా,

యెహెజ్కేలు గారు కాగితం ఇచ్చారు. బడి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆకులు వేసేశారు. అన్నం దించి ఉంది. మా ఇంటాయనను పక్కకు పిలిచి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన, "నేనూ ఆ తెల్లన్నమే తిన్నాను కదా. చెప్పెయ్" అన్నాడు. నేను వరసల మధ్యకు వెళ్ళి, "ఎవరూ తినకండి. ఈ బియ్యం ముక్కినవి. మీకు జబ్బులు ఈ అన్నం వల్లే. మా లోవమ్మ దీనివల్లే చచ్చిపోయింది" అన్నాను.  వెనక వరసలో ఒకడు, "మరి ఇయ్యాల ఏం తినమంటావమ్మా?" అన్నాడు.  మూలనున్న మా బియ్యం, ఇంట్లో ఉన్న చోళ్ళ పిండి కలిపి అంబలి కాచాను. తలా గిద్దెడు వచ్చింది. అదే తాగి పనిలోకి వెళ్ళారు.

దొర దగ్గర బస్తాతో సహా నిలబడ్డాం, ఇద్దరం. నీ మాట నిజమని చెప్పాను. ఇసుకలో ఎక్కడ పూడ్చారో మా ఇంటాయన చూపించాడు. డాక్టరు వచ్చి గోదాం తెరిపించాడు. బస్తాల మీద సున్నం పోయించి పాతించారు. ఇత్తడి బిళ్ళలు తీసేశారు. కూలీలకు ఇప్పుడు కూలి చేతికే ఇస్తున్నారు, ఎవరికి నచ్చినచోట వాళ్ళు తింటున్నారు. బుల్లిరాజు గారికి ఏమీ కాలేదు వదినా. గోదాం గుమాస్తా తప్పు అని రాసుకున్నారట. ఆయన ఇంకా కూలీలను తెస్తూనే ఉన్నారు. గుర్రబ్బండిలో నా ముందునుంచే వెళ్ళారు, నన్ను చూడనట్టు. మా ఇంటాయనను గుంపులోంచి తీసేశారు. ధవళేశ్వరంలో రాళ్ళు ఎత్తే పనికి వెళ్తున్నాడు. పాక లేదు.

కాలవ పడవలో నరసాపురం దిగి, అక్కణ్ణించి నడిచి వచ్చాను. దారంతా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. మరిడమ్మ ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను ఎన్నడూ చూడలేదు. "ఎవరమ్మా?" అంది. "రాజమండ్రి నుంచండి. జ్ఞానమ్మను" అన్నాను. ఆమె మొహం విప్పారింది. "లోవ చెప్పింది నీ గురించి! అక్కలాగా చూస్తందంది. అది రాలేదా? ఎనకాల వస్తందా?" అని నా భుజం మీదుగా దారి వైపు చూసింది.

కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. చచ్చిపోయిందండి, నావల్లే చచ్చిపోయిందండి అన్నాను. ఆమె చేతిలో చేప అలాగే ఉంది. నేను మొదటినుంచీ చెప్పాను. బియ్యం, కడగడం, వేరు కుండ, ఇసుక. ఏదీ దాచలేదు. ఆమె మధ్యలో ఒక్కటే అడిగింది. "ఆ తెల్లన్నం అది వండేదా?" వండేదండి అన్నాను. "నీకు వడ్డించేదా?" వడ్డించేదండి అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె చేపలన్నీ తిరగేయడం పూర్తిచేసింది. గంప బోర్లించింది. అప్పుడంది:

"ఎందుకు వొచ్చావమ్మా నా దగ్గరికి? నువ్వు చెప్పకపోతే, అది ఎక్కడో బతికుందిలే, వొస్తదిలే అనుకుని పొద్దుపుచ్చేదాన్ని. నీ బరువు దించుకున్నావు. నా నెత్తిన పెట్టావు."

 అది నిజం. ఆ సంగతి దారిలో ఒక్కసారైనా నాకు తోచలేదు. నేను మంచిపని చేయడానికే వస్తున్నాననుకున్నాను. అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. చాలాసేపటికి లేచి, వెళ్ళొస్తానండి అన్నాను.

ఆమె గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా, "ఎక్కడికెల్తావు? ఉండు. దాని మొహం ఆఖరున చూసినదానివి నువ్వే. దాని గురించి ఏడవడానికి నాకింకెవరున్నారు? ఒక్కదాన్నీ ఏడవలేను" అంది.

ఉన్నాను వదినా. ఇవాళ్టికి ఆరురోజులు. నేను వండింది ఆమె ముట్టుకోదు, తన అన్నం తనే వండుకుంటుంది. నాకు పెట్టదు. పంతులు గారి ఇంట్లో తింటున్నాను. పొద్దున్నే వెళ్ళి ఆమెతో పాటు చేపలు ఎండబెడతాను. సాయంత్రం పక్కపక్కన కూర్చుంటాం. నిన్న లోవమ్మ చిన్నప్పటి సంగతి ఒకటి మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. తర్వాత నన్ను, "దానికి జడ పొడుగు తగ్గిందా, అలాగే ఉందా?" అని అడిగింది. అలాగే ఉందండి అన్నాను.

మా ఇంటాయనకు కబురు చెయ్యి. ఆమె వెళ్ళమనేదాకా నేను ఇక్కడే ఉంటాను.

జ్ఞానమ్మ.